సెవిల్‌లో ఒక్క సాయంత్రమే ఉంది, మొదటిసారి ఫ్లమెంకో చూడబోతున్నాం. ఎక్కడ చూడాలి, ఎలా చూడాలి?

బవేరియా_బాటసారి
అందరికీ నమస్కారం. అక్టోబర్‌లో అమ్మానాన్నలు మ్యూనిక్‌లో మా దగ్గరికి వస్తున్నారు. వాళ్లతో కలిసి స్పెయిన్ వెళ్తున్నాం. మాడ్రిడ్ ఒక రోజు, సెవిల్ రెండు రోజులు, గ్రనడా ఒక రోజు. అమ్మ చిన్నప్పుడు ఏడేళ్లు కూచిపూడి నేర్చుకుంది, పెళ్లయ్యాక ఆపేసింది. స్పెయిన్ అనగానే ఆవిడ అడిగింది ఒక్కటే, "అక్కడ బూట్లేసుకుని కాళ్లతో దరువేస్తారటగా, అది చూపిస్తావా" అని. అదే ఫ్లమెంకో, స్పెయిన్ వాళ్ల పాట, గిటార్, నృత్యం కలిసిన కళ. ఇంతకుముందు ఎప్పుడూ ఏదీ కావాలని అడగలేదు, అందుకే ఇది సరిగ్గా కుదరాలని నా తాపత్రయం. ఆన్‌లైన్‌లో చూస్తే భోజనంతో ఒక టికెట్, డ్రింక్‌తో ఒకటి, థియేటర్‌లో ఒకటి, గుహలో ఒకటి... తల తిరిగిపోతోంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు, రాత్రి పది దాటితే కష్టం. ఇద్దరూ శాకాహారులు. స్పానిష్ ఎవరికీ రాదు. పాట అర్థం కాకపోతే గంటసేపు కూర్చోగలరా అన్నది ఇంకో టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రైలుపెట్టె
బాటసారి గారూ, నేను రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ సెవిల్‌లోనే. భోజనం లేని చిన్న తబ్లావోకి వెళ్లండి. తబ్లావో అంటే చెక్కల వేదిక ఉన్న చిన్న హాలు, షో గంట లేదా గంటంబావు ఉంటుంది అంతే. నేను వెళ్లినప్పుడు టికెట్ పాతిక యూరోల చిల్లర. సాయంత్రం ఏడు, ఏడున్నరకి ఒక షో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, నాన్నగారికి అది సరిపోతుంది. స్పెయిన్‌లో జనం భోంచేసేదే తొమ్మిది తర్వాత, కాబట్టి షో అయ్యాక తీరిగ్గా తినొచ్చు.

క్రిస్తీనా ఓయోస్ అనే పేరున్న నర్తకి 2006లో పెట్టిన ఫ్లమెంకో నృత్య మ్యూజియం సెవిల్ పాత ఊళ్లోనే ఉంది. అక్కడ రోజూ ప్రదర్శనలుంటాయి. పగలు మ్యూజియం చూసి సాయంత్రం అక్కడే షో చూస్తే అమ్మగారికి ఒకదానికొకటి అందుకుంటుంది. శాంతా క్రూజ్ పేటలో లోస్ గాయోస్ అని 1966 నుంచి ఉన్న తబ్లావో కూడా ఉంది. సీటు నంబర్లు లేని చోటయితే అరగంట ముందే వెళ్లి నిలబడండి. నేల అంతా ఒకే మట్టంగా ఉంటుంది, మూడో వరస దాటితే నర్తకి మోకాళ్ల కింద ఏమీ కనపడదు. చూడాల్సింది ఉన్నదే అక్కడ.

పులిహోర_పొట్లం
భోజనంతో ఉన్నది మాత్రం వద్దు. మేం మాడ్రిడ్‌లో ఒక పెద్ద డిన్నర్ షోకి నలుగురం వెళ్లాం. శాకాహారం అని బుకింగ్‌లో రాశాం, ముందురోజు ఫోన్ చేసి మళ్లీ చెప్పాం, అయినా సలాడ్‌లో ట్యూనా చేప ముక్కలు వేసి తెచ్చారు. మార్చమంటే తీసుకెళ్లి చేప ముక్కలు ఏరేసి అదే ప్లేటు మళ్లీ పెట్టారు. మా అత్తగారు ఆ రాత్రి రొట్టె ముక్కతో సరిపెట్టుకున్నారు. అది ఒక బాధయితే, పాట మంచి పట్టులో ఉన్నప్పుడు స్పూన్ల చప్పుడు, వెయిటర్లు అడ్డం రావడం, పక్క టేబుల్ వాళ్ల మాటలు... ఆ గాయకుడు కళ్లు మూసుకుని ప్రాణం పెట్టి పాడుతుంటే ఇక్కడ బిల్లు మీద సంతకాలు అవుతున్నాయి. నాకు చాలా సిగ్గుగా అనిపించింది. అందరూ ఇలాగే ఉంటారనడం లేదు. మాడ్రిడ్‌లో 1956 నుంచి నడుస్తున్న కొర్రాల్ దె లా మొరెరియా లాంటి చోట భోజనానికీ మంచి పేరే ఉంది. కానీ ఒక్క సాయంత్రమే ఉన్నప్పుడు, అందులోనూ శాకాహారులతో, తిండినీ పాటనూ కలపొద్దనే చెప్తాను.

గజ్జెలమోత
ఈ థ్రెడ్ చూడగానే లాగిన్ అయ్యాను. నేను కూచిపూడి నేర్చుకుని, ఉద్యోగం మీద మాడ్రిడ్ వచ్చాక రెండేళ్లు ఫ్లమెంకో క్లాసులకి వెళ్లాను. అమ్మగారి కోసం కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అందరూ డ్యాన్స్ చూడ్డానికి వెళ్తారు, కానీ ఇందులో పెద్దపీట పాటదే. దాన్ని కాంతె అంటారు, గిటార్‌ను తోకె, నృత్యాన్ని బైలె అంటారు. నర్తకి పాటగాడికి జవాబు చెప్తూ ఆడుతుంది, మన దగ్గర గాత్రం, నట్టువాంగం (తాళాలు వేస్తూ జతులు పలకడం) వెనక ఉండి నడిపించినట్టే. కాకపోతే ఇక్కడ చాలావరకు అప్పటికప్పుడు వేదిక మీదే తేలుతుంది. నర్తకికి ఇంకో చరణం కావాలంటే కాళ్లతో ఒక గట్టి దరువేసి ఆగుతుంది, దాన్ని యమాదా, అంటే పిలుపు అంటారు. అది వినగానే గాయకుడు అందుకుంటాడు. చరణం నడుస్తున్నంతసేపు ఆమె కాళ్లు నెమ్మదిస్తాయి, చేతులూ నడుమూ మాట్లాడతాయి. చరణం అయిపోగానే ముక్తాయింపులాంటి ఒక దరువు పడుతుంది. ఈ పిలుపూ జవాబూ ఎక్కడ జరుగుతోందో అమ్మగారు కనిపెట్టగలిగితే ఇక భాష అక్కర్లేదు.

ఇప్పుడు తాళం. వాళ్లు కొంపాస్ అంటారు. సోలెయా, అలెగ్రియాస్, బులెరియాస్ అని పాటల్లో రకాలున్నాయి, ఈ మూడూ పన్నెండు దెబ్బల ఆవర్తాలే. పన్నెండు, మూడు, ఆరు, ఎనిమిది, పది మీద బరువు పడుతుంది. మొదటి రెండు వారాలు నాకు ఇది బుర్రకెక్కలేదు, లెక్కపెట్టి లెక్కపెట్టి తప్పేదాన్ని. ఒకరోజు మెట్రోలో కూర్చుని మన సొల్లుకట్టులో, అంటే నాట్యంలో తాళానికి పలికే మాటల్లో, వేసి చూశాను. తకిట తకిట తక తక తక. అంతే! మూడు, మూడు, రెండు, రెండు, రెండు. పన్నెండో దెబ్బ దగ్గర మొదలుపెట్టి ఇది వేసుకుంటూ పొండి, చక్కగా కూర్చుంటుంది. సెగిరియా అని ఇంకోటి ఉంటుంది, చాలా బరువైన దుఃఖపు పాట, దానికి తక తక తకిట తకిట తక. టాంగోస్ అయితే మామూలు నాలుగు దెబ్బలే. అమ్మగారికి ఈ రెండు వరసలు ముందే నేర్పించి తీసుకెళ్లండి. తాళం చేతిలో ఉంటే ఆ గంట వేరేగా ఉంటుంది, నా మాట నమ్మండి.

తాళంచెవి
అక్కా అదిరిపోయింది, తకిట తకిట వేసుకుంటూ బులెరియాస్ పెట్టుకుని విన్నాను, నిజంగానే కూర్చుంది. ఒక డౌట్. ఫ్లమెంకో మన కథక్ నుంచే పుట్టిందని చాలా వీడియోల్లో చెప్తున్నారు. జిప్సీలు ఇండియా నుంచి వెళ్లినవాళ్లే కదా, అంటే ఇది మన డ్యాన్సే అనుకోవచ్చా?

సాయంకాలపు_నడక
అలా అనలేం తమ్ముడూ. మనుషులు వెళ్లారన్నది నిజం. రోమా జనం, అంటే నువ్వు జిప్సీలన్నవాళ్లు, వాయవ్య భారతం నుంచి సుమారు వెయ్యేళ్ల కిందట బయల్దేరారని వాళ్ల భాషే చెప్తుంది. ఏక్, దుయ్, త్రిన్ అని లెక్కపెడతారు. స్పెయిన్‌లో వాళ్లను హితానోలు అంటారు, 1425 నుంచి అక్కడ వాళ్ల గురించి రాతపూర్వక ఆధారాలున్నాయి. వాళ్ల కలో భాషలో నీళ్లను పాన్యీ అంటారు, హిందీ పానీయే. కానీ ఇప్పుడు మనం చూసే కథక్ లక్నో, జైపూర్ ఆస్థానాల్లో రూపం దిద్దుకున్నది వాళ్లు వెళ్లిపోయిన ఎన్నో వందల ఏళ్లకు. ఫ్లమెంకో తయారైందేమో 18, 19 శతాబ్దాల్లో దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలో. అందులో హితానోల గొంతుంది, అక్కడి పల్లెపాటలున్నాయి, అరబ్బుల కాలం నాటి వాసనలున్నాయి, సముద్రం దాటి అమెరికాల నుంచి వచ్చినవీ ఉన్నాయి. గాయకుడి పక్కన ఒకాయన పెట్టె మీద కూర్చుని వాయిస్తాడు చూడండి, కహోన్ అంటారు, అది పెరూ దేశపు నల్లజాతివాళ్ల వాద్యం. 1970ల చివర్లో పాకో దె లూసియా అనే గిటార్ విద్వాంసుడు దాన్ని తెచ్చి ఇందులో కలిపాడు, ఇప్పుడది లేని బృందం అరుదు.

ఇంకో మాట. 1749 జులైలో స్పెయిన్ రాజు హుకుంతో దేశమంతటా హితానోలను మూకుమ్మడిగా పట్టుకుని బంధించారు, మగవాళ్లను ఒకవైపు, ఆడవాళ్లను చిన్నపిల్లలను ఒకవైపు విడదీశారు. గిటార్ లేకుండా ఒట్టి గొంతుతో పాడే మార్తినెతె అనే పాటలున్నాయి, కమ్మరి కొలిమి పాటలు, కొన్నిచోట్ల సుత్తి దెబ్బే తాళం. జైలు పాటలు కూడా ఆ కుదురువే. ఆ బతుకులోంచి వచ్చిన పాటను మనం 'మాదే' అని లాక్కోవడం నాకు ఇష్టం ఉండదు. దూరపు చుట్టాలు అక్కడికెళ్లి సొంతంగా కట్టుకున్న ఇల్లు అనుకుని, గడప దగ్గర చెప్పులు విడిచి వెళ్దాం.

తాళంచెవి
అర్థమైంది అన్నా, థాంక్స్. పానీ సంగతి తెలియదు, ఒళ్లు జలదరించింది.

కోనసీమ_కొబ్బరాకు
మేం పోయిన ఏడాది వెళ్లాం, ఫుల్ ఎంజాయ్ చేశాం. షో మొత్తం మా గ్రూప్ అంతా చప్పట్లు కొడుతూనే ఉన్నాం, ఒలే ఒలే అని అరుస్తూనే ఉన్నాం. ఆంటీగారిని కూడా మొహమాటపడొద్దని చెప్పండి, అక్కడ అంతా ఫ్రీ.

గజ్జెలమోత
కొబ్బరాకు గారూ, మీ ఉత్సాహం మంచిదే కానీ ఈ సలహా మాత్రం వద్దండి. వేదిక మీద ఇద్దరు ముగ్గురు కూర్చుని చప్పట్లు కొడతారు కదా, అది మనం భజనలో కొట్టే చప్పట్లలాంటిది కాదు, పాల్మాస్ అని అదొక వాద్యం. వేళ్లతో అరచేతి మీద పదునుగా కొట్టేవి వేరు, రెండు అరచేతులూ గుంటలు చేసి మెత్తగా కొట్టేవి వేరు. గాయకుడు నెమ్మదిగా పాడుతున్నప్పుడు మెత్తటివి పడతాయి. ఒకరు దెబ్బ మీద కొడితే ఇంకొకరు సందులో కొడతారు. హాల్లో నలభైమంది తలో రకంగా కొడితే ఆ అల్లిక చెదిరిపోతుంది. కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం నడుస్తుండగా పక్కనుంచి బల్ల బాదితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఒక్కో అంశం పూర్తయ్యాక ఎంత గట్టిగా కొట్టినా సంతోషిస్తారు.

ఒలే మాత్రం అనొచ్చు, అనాలి కూడా. దాన్ని హలేయో అంటారు, బృందంలోవాళ్లు ఒకరినొకరు వామోస్, ఎసో ఎస్ అంటూ ఎగదోసుకుంటారు, మన భళా, శభాష్ లాగే. పాటగాడు వాక్యం పూర్తిచేసి ముక్తాయించినప్పుడు మనసులోంచి వస్తే అనండి. మొదటిసారి వెళ్లినవాళ్లు ముందు పదినిమిషాలు ఊరికే విని, అక్కడి స్థానికులు ఎక్కడ అంటున్నారో గమనిస్తే తెలిసిపోతుంది.

కోనసీమ_కొబ్బరాకు
ఓహో. మాకు ఎవరూ చెప్పలేదండి, బాధగా ఉంది ఇప్పుడు. ఈసారి వెళ్తే గుర్తుపెట్టుకుంటాను.

రైలుపెట్టె
ఫోన్ గురించి కూడా. చాలా చోట్ల షో జరుగుతుండగా ఫొటోలు, వీడియోలు వద్దంటారు, చివర్లో ఐదు నిమిషాలు తీసుకోనిస్తారు. అనుమతి ఉన్నచోట కూడా తీయకపోతేనే మేలు. అంత దగ్గర్లో, చీకట్లో మీ స్క్రీన్ వెలుగు నేరుగా గాయకుడి మొహం మీద పడుతుంది.

బవేరియా_బాటసారి
అందరికీ ఎన్ని థాంక్సులు చెప్పినా తక్కువే. అమ్మకు ఫోన్లో తకిట తకిట తక తక తక చెప్పాను, వెంటనే తొడ మీద వేసి చూపించింది. ఇంకొక్క ప్రశ్న. గ్రనడాలో గుహల్లో చేస్తారట కదా, సెవిల్ బదులు అది చూస్తే?

సాయంకాలపు_నడక
గ్రనడా సాక్రోమోంటే కొండ మీద హితానోలు గుహల్లోనే కాపురాలున్నవాళ్లు. 1963 వరదల తర్వాత చాలామందిని అక్కడి నుంచి ఖాళీ చేయించారు. అక్కడి ప్రదర్శనను జాంబ్రా అంటారు, పెళ్లి వేడుకల ఆటపాటల నుంచి వచ్చింది. సున్నం కొట్టిన పొడవాటి గుహ, గోడలకి రాగి గిన్నెలు వేలాడుతుంటాయి, రెండు పక్కలా గోడవారగా కుర్చీలు, మధ్యలో నడవాలో ఆడతారు. పావడా అంచు మీ మోకాళ్లకు తగులుతుంది, అంత దగ్గర. చాలా బాగుంటుంది, కానీ ఎత్తైన రాళ్ల దారి, నాన్నగారి మోకాళ్లకు కష్టం. టాక్సీనో చిన్న బస్సో పట్టుకున్నా కొంత నడక తప్పదు. మీ ముగ్గురికీ సెవిల్ చాలు.

ఎవరైనా ఇంకో రోజు మిగుల్చుకోగలిగితే మాత్రం సెవిల్ నుంచి రైల్లో గంట దూరంలో ఉన్న హెరెస్ అనే ఊరు వెళ్లండి. అక్కడి శాంతియాగో, శాన్ మిగెల్ పేటల నుంచి ఎన్ని తరాల గాయకులొచ్చారో. పెన్యా అని అభిమానుల సంఘాలుంటాయి, టూరిస్టుల కోసం కాకుండా తమ కోసం పాడించుకుంటారు. అక్కడ వేళ్ల చిటిక కూడా తాళం తప్పదు.

పులిహోర_పొట్లం
వెళ్లొచ్చాక తప్పకుండా రాయండి బాటసారి గారూ, చాలామంది అడిగి వెళ్లిపోతారు, మళ్లీ ఇటు రారు.

బవేరియా_బాటసారి
వెళ్లొచ్చాం. పొట్లం గారు అడిగారని కాదు, నాకే రాయాలని ఉంది, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

సెవిల్ పాత ఊళ్లో ఒక ఇంటి లోగిలి, పైన కప్పేసి హాలు చేశారు. ఎనభై కుర్చీలుంటాయేమో. ఏడున్నర షో. ఆరున్నరకే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాం, నాన్నకు ఎదురింటి అరుగు దొరికింది కూర్చోడానికి. ముందు వరసలో ఎడం పక్క మూడు కుర్చీలు దొరికాయి. వేదిక నా మోకాలంత ఎత్తు, అంతే. చెక్కల మీద మడమల దెబ్బలకి తెల్లగా చిన్నచిన్న గుంటలు పడి ఉన్నాయి. అమ్మ షో మొదలవకముందే వంగి వాటినే చూస్తూ కూర్చుంది.

గిటార్ ఆయన ఒక్కడే ముందు వచ్చాడు. తర్వాత గాయకుడు, యాభై దాటిన మనిషి, నల్ల చొక్కా, కుర్చీ అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. మొదటి గొంతు విప్పగానే నేను ఉలిక్కిపడ్డాను, అంత దగ్గర నుంచి మైక్ లేకుండా ఆ గొంతు! తియ్యగా లేదు, గరుగ్గా ఉంది, మెడ నరాలు తేలిపోయాయి. నాన్న ఎలా ఉన్నారోనని పక్కకి తిరిగితే ఆయన ముందుకు వంగి వింటున్నారు. మా నాన్నది తెనాలి దగ్గర, చిన్నప్పుడు రాత్రంతా మేలుకుని పద్యనాటకాలు చూసిన మనిషి. ఆయన ఆగలేక నా చెవిలో అన్నారు, "ఇది కాటిసీను రా" అని. హరిశ్చంద్రుడు పద్యం చివర రాగం తీస్తూ ఊపిరి ఎక్కడ ఆపుతాడా అని మనం బిగబట్టుకుని కూర్చోమూ, అచ్చం అలాగే ఉందట. పాటలో ఒక్క ముక్క తెలియని మనిషి, కళ్లు తుడుచుకున్నారు. పాట అర్థం కాకపోతే ఎలా అని నేను పడ్డ టెన్షన్ అంతా ఎందుకో.

తర్వాత నర్తకి వచ్చింది, సోలెయా. నిండు ముదురు ఆకుపచ్చ బట్టలు, కుచ్చుల శాలువా. చాలాసేపు అసలు కాళ్లే కదపలేదు. నిలబడి చేతులు పైకి తీసుకెళ్లడానికే ఎంతసేపు పట్టిందో! గజ్జెలమోత గారు చెప్పిన పిలుపు నాకు మొదటిసారి దొరకలేదు, అమ్మకు దొరికింది, నా చెయ్యి గట్టిగా నొక్కింది. మరుక్షణం గాయకుడు అందుకున్నాడు. ఆ తర్వాత నుంచి ప్రతిసారీ అమ్మ నొక్కడం, ఆయన ఎత్తుకోవడం. కాళ్ల దరువు మొదలయ్యాక, ముందు వాన చినుకుల్లా వినీ వినపడకుండా, మెల్లగా పెరుగుతూ పెరుగుతూ నా కుర్చీ కాళ్లలోంచి వెన్నులోకి వచ్చింది. జడలోంచి ఎర్ర పువ్వు ఊడి చెక్కల మీద పడింది, ఆమె చూడను కూడా చూడలేదు, ఆ పువ్వు దరువుకి అదురుతూ అదురుతూ మా వైపు జరిగి వేదిక అంచున ఆగింది. ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. గిటార్ లేదు, పాట లేదు. చప్పట్లవాళ్లు మాత్రం మెత్తగా, దూరంగా ఎక్కడో కొడుతున్నట్టు. అప్పుడు చూశాను, అమ్మ వేళ్లు చీర కుచ్చిళ్ల మీద తకిట తకిట తక తక తక వేస్తున్నాయి, చప్పుడు లేకుండా. ఒక్క దెబ్బ తప్పలేదు.

షో అయ్యాక కళాకారులు గుమ్మం దగ్గర నిలబడ్డారు. అమ్మ నేరుగా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి తన కాలు చూపించి, ఆమె బూటు చూపించి సైగ చేసింది. ఆ అమ్మాయి నవ్వి బూటు విప్పి చేతికిచ్చింది. మునివేళ్ల దగ్గరా మడమ కిందా గుండుసూది తలల్లాంటి మేకులు ఒత్తుగా, సందు లేకుండా కొట్టి ఉన్నాయి. అమ్మ వాటిని వేలితో తడిమి, "మాకు ఇవన్నీ కాలి పైన కడతారు తల్లీ" అంది తెలుగులోనే. నేను వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను, గజ్జెలని. ఆమెకి ఎంత అర్థమైందో తెలియదు కానీ అమ్మ పాదాల వైపు చాలాసేపు చూసింది.

గజ్జెలమోత
చదువుతుంటే ఏడుపొచ్చింది. సోలెయా చివర్లో వేగం మారి బులెరియాస్‌లోకి వెళ్లిందా?

బవేరియా_బాటసారి
వెళ్లింది అక్కా. అక్కడ నాకు లెక్క పోయింది, అమ్మకు పోలేదు. నిన్న హోటల్ గదిలో నాన్న నిద్రపోయాక బాత్రూమ్ గచ్చు మీద ఒట్టి కాళ్లతో వేసి చూసుకుంటోంది. మీ క్లాసుల్లో అరవై ఏళ్లవాళ్లని చేర్చుకుంటారా, మ్యూనిక్‌లో ఎవరైనా నేర్పేవాళ్లున్నారా అని అడగమంది. డిసెంబర్ దాకా ఇక్కడే ఉంటుంది.

గజ్జెలమోత
చేర్చుకుంటారు! నాతో పాటు నేర్చుకున్నవాళ్లలో ఒకావిడకి అరవై ఎనిమిది. మ్యూనిక్‌లో నాకు తెలిసినవాళ్లని అడిగి రేపు మెసేజ్ పెడతాను. బూట్లు మాత్రం ఇప్పుడే కొనొద్దని చెప్పండి, మొదటి నెల గట్టి మడమ ఉన్న మామూలు చెప్పులు చాలు.